చిన్నాయనకి తెల్ల పాస్తా

జూన్ 3

అక్కా,

ఈ ఉత్తరం నీ హాస్టల్ వంటగది చిరునామాకి పంపిస్తున్నాను. ఇంటికి పంపితే బావగారి కంటపడుతుంది. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోక ఆరేళ్ళు దాటింది, మన తోడికోడళ్ళ ఉత్తరం వాళ్ళ మధ్య కొత్త గొడవ కాకూడదు.

ముందు నా సంగతి. ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరాను. ఇద్దరం చెరో చివరా పట్టుకుని దులిపి మడవాలి. నా జత అమ్మాయి తాటిచెట్టంత పొడుగు, నా సంగతి నీకు తెలిసిందే. దుప్పటి ఎప్పుడూ నా వైపుకే జారుతుంది. సూపర్‌వైజరు రోజూ తిడతాడు, మేమిద్దరం రోజూ నవ్వుతాం.

అసలు సంగతికి వస్తాను. నువ్వు హాస్టల్ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో ఒక్క గిన్నెలో, ఒక్క పొయ్యి మీద తెల్ల పాస్తా చేసేదానివి కదా. చెప్పులు విప్పి గిన్నె పెడితే నలుగురం చేతులు కడుక్కునేలోపు అయిపోయేది. అది ఎలా చేస్తావో రాస్తావా? ఎనిమిదేళ్ళు నీ పక్కనే నిలబడి వెల్లుల్లి ఒలిచాను గానీ, ఒక్కరోజూ గిన్నెలోకి సరిగ్గా చూడలేదు.

ఆయన గట్టి తిండి నమలలేకపోతున్నారు. పళ్ళ బాధే అనుకో. నేను పని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, అప్పుడు గంటల తరబడి వండే ఓపిక నాకు లేదు, ఎదురుచూసే ఓపిక ఆయనకి లేదు. అందుకే అడుగుతున్నాను.

బావగారికి చెప్పకు.

నీ చెల్లెలు

*

జూన్ 10

కంగారమ్మా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా చేతులనిండా పిండి. మోచేత్తో కవరు నొక్కిపట్టి పళ్ళతో చించాను. హాస్టల్ పిల్లలు "ఆంటీకి ప్రేమలేఖ వచ్చిందర్రా" అని ఒకటే గోల. వస్తే మీకేంటే అన్నాను.

ఆరేళ్ళకి రాసి పాస్తా అడుగుతావా! బాగున్నావా అక్కా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా అక్కా అని ఒక్క ముక్క లేదు. తగ్గలేదు. రాసుకో.

ఇక విను. మందపాటి గిన్నె తీసుకో, పలచటిదైతే పాలు అడుగంటుతాయి. వెన్న వేసి, సన్నగా తరిగిన వెల్లుల్లి వెయ్యి. మంట బాగా తగ్గించు, వెల్లుల్లి ఎర్రబడితే చేదెక్కుతుంది. వాసన రాగానే ఒక గ్లాసు పాస్తాకి రెండు గ్లాసుల నీళ్ళు, ఒక గ్లాసు పాలు పొయ్యి. ఉప్పు. మరిగాక పచ్చి పాస్తా నేరుగా అందులోనే పోసేయి. విడిగా ఉడకబెట్టి నీళ్ళు వంచెయ్యకు. ఆ నీళ్ళలో ఉండే గంజే చిక్కదనం. ఇక్కడే నీ కంగారు మానుకోవాలి. గిన్నె దగ్గర్నుంచి కదలకు, అడుగు నుంచి నిదానంగా కలుపుతూనే ఉండు. పాస్తా ఉడికాక పొయ్యి ఆపి, అప్పుడు క్రీమ్, తురిమిన చీజ్ వెయ్యి. మంట మీద వేస్తే విరిగి ముద్దలు కడుతుంది. చివర్లో మిరియాల పొడి దండిగా, ఎండుమిర్చి పలుకులు రెండు చిటికెలు. మా మరిది చిన్నాయనకి నాలుక చుర్రుమనకపోతే తిన్నట్టే ఉండదుగా.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పు. నిచ్చెన మీద మూడంతస్తుల ఎత్తున నిలబడి బోర్డు రాసేవాడికి పన్ను పీకించుకోవడానికి భయమా!

మీ బావగారి సంగతి కూడా చెప్పాలి. బోర్డులు అచ్చువేసే ఆ మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉంది. దాని మీదేగా గొడవంతా. "నా చేతికి మెషీన్‌ని పోటీ తెస్తావా" అని చిన్నాయన కుంచెలు మూటగట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "ఈ గొంతులో మాట ఉన్నన్నాళ్ళూ నిన్ను అన్నయ్యా అని పిలవను" అన్నాడు చూడు, ఆ మాట ఈయన మనసులోంచి పోలేదు. మొన్న నేనే కదిపాను. చేతిలో పని ఆపలేదు. తర్వాత, "ఒక్కసారి ఫోన్ చేసి అన్నయ్యా అనమను. ఇంకేం మాట్లాడక్కర్లేదు. ఉన్నపళంగా పరిగెత్తుకెళ్తా" అన్నారు.

నీ ఉత్తరం సంగతి చెప్పలేదులే. నువ్వు మాత్రం మీ ఆయన చెవిలో వెయ్యి. ఒక్క ఫోను, ఒక్క మాట. అంతే కదే.

నీ అక్క

*

జూన్ 18

అక్కా,

మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నావా? ముందు అదే అడుగుతున్నాను, చూసుకో.

పాస్తా చేశాను. మొదటిసారి పాలు పొంగి పొయ్యంతా పాడయింది, అవతలి వాటాలో ఆవిడ వచ్చి ఏం మాడుతోందని అడిగింది. రెండోసారి బాగానే కుదిరింది. గిన్నె చప్పుడుకి ఆయన మంచం దిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఎన్నాళ్ళయిందో అలా వచ్చి కూర్చుని. గబగబా పళ్ళెంలో పెట్టాను.

కానీ మిరియాల ఘాటు పడలేదు అక్కా. ఒక్క చెంచాకే కళ్ళలోంచి ధారగా నీళ్ళు, దగ్గు. ఎంతకీ తగ్గలేదు. పళ్ళెం నేను పక్కకి తీసేస్తే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు, తినాలని ఉంది, తినలేకపోయారు. ఘాటు లేకుండా, ఇంకా మెత్తగా, ఇంకా జారుగా ఎలా చెయ్యాలి? చల్లారేకొద్దీ గట్టిపడిపోతోంది, దానికేం చెయ్యాలి?

ఫోన్ సంగతి ఇంక ఎత్తకు అక్కా. ఆయన చెయ్యరు. ఎందుకని నన్ను అడగకు, నేను మాట ఇచ్చాను. బావగారితో కూడా అనకు.

దుప్పట్లు చాలా ఉన్నాయి ఈ వారం. హోటల్లో ఏదో పెద్ద పెళ్ళి.

చెల్లి

*

జూన్ 26

చెల్లికి,

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నీ ఉత్తరం చదివాక మనసు ఊరుకోలేదు. అందులో మంచం దిగి వచ్చి కూర్చున్నారన్న ముక్క పట్టుకుని, ఒంట్లో బాగాలేదేమోనని మీ బావగారితో అనేశాను. ఆయన నా మీద అరవలేదు. ఆదివారం మధ్యాహ్నం మెషీన్ ఆపి, తనే ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

అవతల ఎత్తారు. ఈయన "చిన్నా" అన్నారు. జవాబు లేదు. "చిన్నా, నేనేరా" అన్నారు. మాట లేదు గానీ ఊపిరి వినిపిస్తోంది. తర్వాత గుర్రుమని ఒక చప్పుడు. మళ్ళీ ఒకటి. ఆ తర్వాత ఫోన్ పెట్టేశాడు.

"నవ్వాడే" అన్నారు మీ బావగారు. "విని, నవ్వి, పెట్టేశాడు."

నేనేదో సర్దిచెప్పబోయాను. "ఇంక వాడి పేరెత్తకు. నాకు తమ్ముడు లేడనుకుంటాను" అని దుకాణంలోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం తిండి తినలేదు. యాభై దాటిన మనిషి, తనంతట తాను తగ్గి ఫోన్ చేస్తే ఆ మర్యాదేనా? మాట ఇచ్చానంటావు. ఎవరికి, ఏమని? ఆయన చెయ్యరంటావు. చెయ్యకపోతే మానె, చేసినవాణ్ణి చూసి నవ్వాలా?

నీకు కావాల్సింది పాస్తా కదా, రాస్తున్నాను. చిన్న గొట్టాలవి తీసుకో. కవరు మీద చెప్పినదానికి రెట్టింపు సేపు ఉడికించు, నీళ్ళు తగ్గితే వేడి పాలు పొయ్యి. మిరియాలు, మిర్చి మానెయ్యి. గరిటె వెనకతో మెదిపెయ్యి. గట్టిపడితే తినేముందు మళ్ళీ రెండు చెంచాల వేడి పాలు పోసి కలుపు.

మీ అక్క

*

జూలై 2

అక్కా,

ఆయన నవ్వలేదు.

ఆయనకి గొంతు లేదు అక్కా. చలికాలంలో ఆపరేషన్ చేసి గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేశారు. క్యాన్సర్. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. నువ్వు విన్న గుర్రుమన్న చప్పుడు అదే. మాట్లాడాలని కంగారుపడితే ఊపిరి అలా కొట్టుకుంటుంది.

ఆదివారం నేను డ్యూటీలో ఉన్నాను. వచ్చేసరికి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చొక్కా కాలరంతా తడి. ఏమైందని అడిగితే పలక మీద రాశారు, "అన్నయ్య ఫోన్ చేశాడు." అది తుడిచి, "చిన్నా అన్నాడు" అని రాశారు. అది మాత్రం తుడవలేదు. పొద్దున్న నేను పనికి వెళ్ళేటప్పుడు కూడా పలక మీద అదే ఉంది.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెప్పనివ్వలేదు. గుమ్మంలో నిలబడి అన్న ఆ మాట నీకు గుర్తున్నట్టే ఆయనకీ గుర్తుంది. ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు నర్సు బయటికి వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యకి తెలియకూడదు. నా నోటి మాట నాకే తగిలిందనుకుంటాడు. జాలిపడి వస్తాడు. ఒట్టెయ్యి" అన్నారు. అక్కా, ఆయన గొంతుతో నేను విన్న ఆఖరి మాటలు అవే. నా గురించి కూడా కాదు. కోపం రాలేదనను. కానీ ఆఖరి మాటకి ఒట్టు వేశాక ఎలా తప్పను?

ఇప్పుడు తప్పుతున్నాను. ఎందుకంటే అది మళ్ళీ వచ్చింది, ఊపిరితిత్తుల్లోకి పాకింది. మే నెలాఖరున డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "ఇంక మందులతో బాధపెట్టొద్దు. ఆయనకి ఏం తినాలనుంటే అది మెత్తగా చేసి పెట్టండి" అంది. ఇంటికొచ్చి ఏం తింటారని అడిగితే పలక మీద రాసింది నీ పాస్తా. "వదిన తెల్ల పాస్తా" అని. అందుకే నీకు రాశాను. పళ్ళ బాధ అని అబద్ధం చెప్పాను. నువ్వేమో పళ్ళ డాక్టరు మీద జోకు వేశావు, అది చదివి వంటగదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మెత్తగా చేశాను, నువ్వు చెప్పినట్టే. సగం గిన్నె తిన్నారు. మింగడానికి చాలాసేపు పడుతుంది, చెంచాకీ చెంచాకీ మధ్య కళ్ళు మూసుకుంటారు. ఆపమంటే ఆపరు.

బావగారికి చదివి వినిపించు. కోపం తెచ్చుకోవద్దని చెప్పు. తెచ్చుకున్నా రమ్మని చెప్పు.

నీ చెల్లెలు

*

జూలై 6

నా తల్లీ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు, తెచ్చిన మనిషి నీ గుమ్మంలోనే ఉంటారు.

నీది హాస్టల్ వంటగదిలో నిలబడి చదివాను. తర్వాత కూరగాయల బస్తా మీద కూలబడ్డాను. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకునే దారి ఉంటే బాగుండును, లేదు. తోబుట్టువనుకుని క్షమించు.

మీ బావగారికి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆపమన్నారు. పూర్తయ్యాక లేచి వెళ్ళి మెషీన్ ఆపేశారు. కుర్రాళ్ళని ఇంటికి పంపేసి, షట్టర్ దించి వంటింట్లోకి వచ్చి, "ఆ పాస్తా ఎలా చేస్తావో చూపించు" అన్నారు. టీ కూడా పెట్టుకోలేని మనిషి! మొదటి గిన్నె మాడ్చేశారు. రెండోది కుదిరింది. వేలితో రుచి చూసి, "మింగడానికి ఈ మెత్తదనం చాలుతుందా?" అని నన్ను అడిగి, నా జవాబు వినకుండానే గోడ వైపు తిరిగి ఏడ్చారు. నా పెళ్ళైన ఇన్నేళ్ళలో అలా ఏడవడం చూడలేదు.

నాకిక్కడ పిల్లల పరీక్షలు, నా బదులు వంటచేసే మనిషి దొరకలేదు. దొరకగానే వస్తాను. ఆయన్ని నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు. లోపలికి మాత్రం రానివ్వు.

అక్క

*

జూలై 19

అక్కా,

తిట్టలేదు. తిట్టే తీరిక ఎక్కడిది, వచ్చినరోజే బావగారు నా వంటగది లాగేసుకున్నారు.

తలుపు నేనే తీశాను. చేతిలో సంచీ, చంకలో మీ మందపాటి గిన్నె. బస్సులో అంతదూరం గిన్నె మోసుకుని ఎవరైనా వస్తారా? "మీ ఇంట్లో ఉంటుందో ఉండదోనని" అన్నారు. గొంతు మామూలుగా ఉంచాలని చాలా ప్రయత్నం చేస్తున్నారు. లోపలికి వచ్చి మంచం దగ్గర ఆగిపోయారు. ఈయన ఎంత చిక్కిపోయారో నాకు రోజూ చూస్తూ తెలియలేదు, బావగారి మొహంలో చూశాక తెలిసింది.

ఈయన గబుక్కున మెడ మీద గుడ్డ సర్దుకున్నారు. పలక కోసం తడుముకున్నారు, అది కిందెక్కడో పడింది. నేను వంగి వెతుకుతున్నాను. అప్పుడు ఈయన పెదవులు కదిలాయి. చప్పుడేం లేదు. ఒట్టి పెదవులే.

"ఆఁ, ఏంట్రా చిన్నా" అన్నారు బావగారు.

పెదవులు మళ్ళీ కదిలాయి.

"వినపడిందిరా. వినపడింది. ఊరుకో."

నేను మంచం కింద అలాగే ఉండిపోయాను అక్కా. పలక దొరికినా లేవబుద్ధి కాలేదు.

తర్వాత మెషీన్ మాట ఎవరూ ఎత్తలేదు. మంచి జరిగిందో చెడు జరిగిందో, వాళ్ళ మధ్య ఇప్పుడు దానికి చోటు లేదు. రోజూ నేను పని నుంచి వచ్చేసరికి గిన్నె పొయ్యి మీద ఉంటుంది. బావగారు కుర్చీ లాక్కుని గిన్నె ముందే కూర్చుని కలుపుతారు, ఈయన మంచం మీదనుంచి అజమాయిషీ. నిన్న పలక మీద "ఉప్పు లేదు" అని రాసి ఎత్తి చూపించారు. "అయితే నువ్వొచ్చి వండరా" అన్నారు బావగారు. ఈయన నవ్వారు. భుజాలు ఊగాయి, అంతే. నవ్వేనని బావగారు నన్ను అడిగి రూఢి చేసుకున్నారు.

రోజూ తింటున్నారు. కొంచెమైనా తింటున్నారు. నువ్వు కంగారుపడకు, కంగారుపడటం నా పని కదా. పరీక్షలవనీ, అప్పుడే రా.

నీ చెల్లెలు

*

జూలై 27

కంగారమ్మా,

నీ ఉత్తరం చదివాక కడుపు నిండింది. రోజూ తింటున్నాడంటే కోలుకుంటున్నట్టేగా. డాక్టర్లు ఒకటంటారు, ఒళ్ళు ఒకటంటుంది. హాస్టల్ పిల్లలందరికీ ఆరోజు తెల్ల పాస్తానే చేశాను, ఏమిటి విశేషమని అడిగితే మా మరిది తిన్నాడన్నాను.

పరీక్షలు ఇంకో వారం. బదులు మనిషి కూడా దొరికింది. ఆదివారం బస్సుకి టికెట్ తీసుకున్నాను. చిన్నాయనకి చెప్పు, ఉప్పు సంగతి నేనొచ్చి చూస్తానని.

అక్క

*

ఆగస్టు 16

అక్కా,

నువ్వు వచ్చి వెళ్ళావు గానీ మనం మాట్లాడుకున్నది ఏమీ లేదు. ఇల్లంతా జనం. నువ్వు నా తల నిమురుతూ కూర్చున్నావు, నేను పడుకున్నాను. ఆ శుక్రవారం సంగతి నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు.

నిన్ను ఆలస్యం చేసింది నా ఉత్తరమే. రోజూ తింటున్నారని రాశాను, ఎంతో రాయలేదు. మొదట సగం గిన్నె, తర్వాత నాలుగు చెంచాలు, ఆ వారం ఒక్క చెంచా. ఆ ఒక్క చెంచా కూడా అన్నయ్య కోసం మింగుతున్నారని నాకు తెలుసు. కాగితం మీద పెడితే నిజమైపోతుందని భయపడ్డాను. నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఆరోజు నేను సెలవు పెట్టాను. ఎండ తగ్గాక బావగారు క్రీమ్ అయిపోయిందని బజారుకు వెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరిగి ఉంటారు, ఈయన నా వైపు చూశారు. మంచినీళ్ళు కావాలేమోనని గ్లాసు ఎత్తాను. వద్దన్నట్టు చెయ్యి కదిపి, నా మణికట్టు పట్టుకున్నారు. దుప్పట్లు దులిపి దులిపి అక్కడ వాపు వచ్చింది, దాని మీద బొటనవేలితో మెల్లగా రాశారు. పదాలేవో కాదు, ఒట్టిగా రాశారు, రాస్తూ రాస్తూ ఆగిపోయారు. ఏ బాధా పడలేదు అక్కా. గది నిశ్శబ్దమైపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఊపిరి చప్పుడు ఎంత పెద్దగా ఉండేదో అప్పుడు తెలిసింది.

బావగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నా మొహం చూశారు. "ఇప్పుడే కదమ్మా వెళ్ళాను" అన్నారు. మళ్ళీ, "ఇప్పుడే కదమ్మా" అన్నారు. వచ్చి తమ్ముడి కాళ్ళు దుప్పటి లోపలికి సర్ది, దుప్పటి అంచు సరిచేసి, చాలాసేపు ఆ అంచు పట్టుకునే ఉన్నారు. అవతలి వాటా ఆవిడ, నా జత అమ్మాయి, డాక్టరమ్మ పంపిన నర్సు, ఒక్కొక్కరే వచ్చారు. ఎవరికి ఏం చెయ్యాలో తెలియక గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

అప్పుడు బావగారు లేచి వంటగదిలోకి వెళ్ళారు. కళ్ళు తుడుచుకోవడానికి అనుకున్నాను. గిన్నె పెట్టిన చప్పుడైంది. వెల్లుల్లి వాసన వచ్చింది. నేను వెళ్ళి, "బావగారూ, ఎవరికి?" అన్నాను. గిన్నెలోంచి తల ఎత్తకుండా, "పొద్దుట్నుంచి ఎవరూ తినలేదు తల్లీ" అన్నారు. కలుపుతూనే ఉన్నారు. మెత్తగా మెదపలేదు. మామూలు మనుషులు తినేలాగే చేశారు, మిరియాల పొడి కూడా వేశారు.

అందరికీ గిన్నెల్లో పెట్టి తనే ఇచ్చారు. నేను వద్దంటే నా చేతిలో చెంచా పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను అక్కా. తిన్నాను. ఆయన పక్క గదిలో అలా ఉండగానే తిన్నాను. నెలల తరబడి ఆయన తినగా మిగిలింది చల్లారాక తినేదాన్ని. ఆరోజే మొదటిసారి వేడిగా తిన్నాను, చాలా ఆకలేసింది. అయిపోయాక గిన్నె చాపితే బావగారు మళ్ళీ పెట్టారు. అది కూడా తినేశాను.

నీ చెల్లెలు